ఆకలి గీత

మ్యూజియం నుంచి వచ్చినావిడ చెప్పుల డబ్బా అంత అట్టపెట్టెను కౌంటరు మీద పెట్టింది గాని, దాని మీంచి చేతులు మాత్రం తియ్యలేదు.

"ముప్పై ఎనిమిది ఈకలున్నాయి సార్. దేని కవర్లో అది ఉంది. కవరు మీద పిట్ట పేరు, దొరికిన తేదీ. ఒకదాని కవర్లో ఇంకోటి పెట్టారంటే నా పదకొండేళ్ళ పని పోయినట్టే."

"పెట్టంలెండి," అన్నాడు స్టూడియో ఆయన. "ఎలా కావాలి ఫోటోలు?"

"దగ్గరగా. ఈకంతా ఒకటి, మధ్యభాగం మరీ దగ్గరగా ఒకటి. పోగు పోగూ విడిగా కనపడాలి."

"తలలో పేలు చూసినట్టన్నమాట," అంది కౌంటరు వెనకనుంచి ఆయన అక్కయ్య. ఆవిడ ఉద్యోగం అద్దమూ దువ్వెనా. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ళ తల దువ్వించి, అక్కర్లేని సలహా ఒకటి ఇచ్చి లోపలికి పంపుతుంది.

మ్యూజియం ఆవిడ నవ్వలేదు. శనివారం సాయంత్రానికి ఈకలు తిరిగి మ్యూజియం సొరుగుల్లోకి చేరాలని, సోమవారం పుస్తకం అచ్చుకి వెళ్తుందని చెప్పింది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మా బడి గ్రూపు ఫోటో మీరే తీశారు సార్. ముందు వరసలో కళ్ళు మూసుకున్నదాన్ని నేనే."

"మూసుకుంటేనేం, తెరిపించి ఇచ్చానుగా!" అన్నాడాయన. నెగెటివ్ మీద పెన్సిల్‌తో, గోరంత మొహంలో, రెండు కళ్ళు తెరిపించాడు అప్పట్లో.

"ఇచ్చారు. మా అమ్మ ఇప్పటికీ ఆ కళ్ళు నావి కావంటుంది."

ఆయన దాన్ని పొగడ్త కిందే తీసుకున్నాడు. ఆవిడ వీధి మలుపు తిరగకముందే అక్కయ్య ఆవిడకి ఈకల మేడమ్ అని పేరు పెట్టేసింది.

స్టూడియో ఆవిడ టీ పట్టుకొచ్చింది. ఆడపడుచుకి కప్పులో, భర్తకి పెద్ద మగ్గులో సగానికి. పోయిన చలికాలం నుంచి ఆయనకి మగ్గులో సగమే ఇస్తోంది. ఎందుకని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక ఆ ఇంట్లో చాలా వస్తువులు చప్పుడు లేకుండా మారిపోయాయి. చొక్కాలకి గుండీలు పోయి జిప్పులొచ్చాయి. సంతకాలు పెట్టే పెన్ను లావైంది. ఏదీ ఎవరూ మార్చినట్టు కనపడదు. వాటంతటవే మారినట్టు ఉంటాయి.

మంగళవారం పొద్దున వెనక గదిలో పని మొదలైంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద నల్ల గుడ్డ, గుడ్డ మీద ఈక. స్టాండుకి కెమెరా తలకిందులుగా బిగించాడాయన. దగ్గరి ఫోటోల లెన్సు పదేళ్ళుగా దూదిలో నిద్రపోతోంది. దాన్ని లేపి, ఊది, తుడిచి తగిలించాడు. లైటు ఎడమ పక్కన పెట్టాడు. ఆ గదిలో లైటు ఎప్పుడూ ఎడమ పక్కే. పెళ్ళికూతుళ్ళూ ప్లీడర్లూ పసిపిల్లలూ అందరూ ఎడమనుంచే వెలిగారు.

స్టూడియో ఆవిడ కవర్లు అందిస్తూ పక్కన నిలబడింది. అంత దగ్గరగా తీసేటప్పుడు ఫోకస్ అంటే వెంట్రుకవాసి. లెన్సు రింగు ఇంత తిప్పితే ఈక ఈ చివర స్పష్టంగా ఉండి ఆ చివర మసకేస్తుంది. ఆయన రెండు వేళ్ళు రింగు మీద వేశాడు. వేళ్ళు ఒక చోట ఆగలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఇప్పుడు రెండు చేతులూ వణికాయి. ఆవిడ కవరు మీది తేదీని చాలా శ్రద్ధగా చదివింది.

మధ్యాహ్నం దాకా ఎనిమిది ఈకలు తీశాడు. కెమెరా వెనక చిన్న తెర మీద చూసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ దించి, "లెన్సుకి బూజు పట్టినట్టుందోయ్," అన్నాడు.

ప్రతి నెలా ఆ లెన్సు పెట్టె ఎండలో పెట్టేది ఆవిడే. "పట్టే ఉంటుంది లెండి," అంది.

"కాస్త నడుం వాలుస్తాను."

పక్కగదిలో మంచం కిర్రుమంది. కాసేపటికి గురక వినపడింది.

ఆవిడ ఫోటోలు ఒక్కొక్కటీ చూసింది. పదహారూ మసకే. పొగమంచులో కొబ్బరిపీచులా ఉన్నాయి ఈకలు. ఈకల మేడమ్ చేతులు పెట్టె మీంచి తియ్యకపోవడం గుర్తొచ్చింది. ఆవిడ వీటిని చూస్తుంది. ఏమీ అనదు. చదువుకున్నావిడ, మర్యాదస్తురాలు; "పరవాలేదు సార్" అని పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోతుంది. ఆ పరవాలేదు విన్నాక ఆయన మళ్ళీ కెమెరా ముట్టుకోడు. ఇంట్లో ఇంకో వస్తువు చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఈసారి మాయమయ్యేది మగ్గో గుండీయో కాదు.

ఫ్యాను ఆపింది. కిటికీ వేసింది. మొదటి ఈకని చిన్న పట్టకారుతో గుడ్డ మీద పరిచింది. ఆవిడది ఎడమచేతి వాటం; ఎడమ పక్కనున్న లైటు మోచేతికి తగులుతోంటే తీసి కుడి పక్కకి మార్చుకుంది. ఊపిరి బిగబట్టి రింగు తిప్పింది.

మసకలోంచి ఈక పైకి తేలింది. నడుమ వెదురు కర్రలా కాడ, దానికి రెండు పక్కలా పోగులు, ఒక్కొక్క పోగుకీ మళ్ళీ సన్నటి పోగులు, కొక్కేలు కొక్కేలుగా ఒకదాన్నొకటి పట్టుకుని. అలా తేలడం ఆవిడ ఇదివరకు చూసింది, ఈ గోడకి అవతలనున్న చీకటి గదిలో, ఎర్ర బల్బు కింద. పెళ్ళయిన కొత్తలో ఆయనతో మాటలు కలిసింది అక్కడే. ట్రేలో తెల్ల కాగితం అటూ ఇటూ ఊపుతూ, "ఇప్పుడు మాట్లాడకు, లెక్క తప్పుతుంది," అనేవాడు. మాట్లాడకుండా నిలబడితే హైపో మందు వాసనలోంచి, నీళ్ళ అడుగునుంచి, ఎవరిదో ముక్కూ ఎవరిదో మీసమూ నింపాదిగా పైకొచ్చేవి. ఇప్పుడా గదిలో పాత సూట్‌కేసులున్నాయి. లెక్కపెట్టేవాళ్ళు లేరు.

పదహారు ఫోటోలూ తీసింది. ఆయన తీసినవి చెరిపేసి వాటి చోట తనవి పెట్టింది. లైటుని మళ్ళీ ఎడమ పక్కకి చేర్చింది. కాస్త భయం వెయ్యాల్సిన పనే. కానీ అడుగంటిన కూరని ఎవరూ చూడకముందే ఇంకో గిన్నెలోకి మార్చినంత తేలిగ్గా అయిపోయింది.

సాయంత్రం ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. ఆవిడ తలుపు దగ్గర తువ్వాలు మడతపెడుతూ నిలబడింది. మడతపెట్టిన తువ్వాలే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

"లెన్సు తుడిచాక బాగానే వచ్చాయి," అన్నాడు చివరికి.

"మీ చెయ్యి పడితే రాకేం?"

కౌంటరు దగ్గర అక్కయ్యకి దగ్గు వచ్చింది.

బుధవారమూ అంతే. పొద్దున ఆయన, మధ్యాహ్నం ఆవిడ. మధ్యలో గురక. ఆ రోజు ఆయన నిద్ర గంట నుంచి రెండు గంటలకి పెరిగింది. పోనీ ఒళ్ళు అలిసింది కాబోలు అనుకుంది. ఈకల్లో ఒక నీలం ఈక ఉంది. పైనుంచి వెలుగు పడితే కళ్ళు చెదిరే నీలం. పట్టకారుతో ఎత్తి కిటికీకి అడ్డం పెడితే ఉత్త మట్టిరంగు. దించితే మళ్ళీ నీలం. ఆవిడ నాలుగుసార్లు ఎత్తి దించింది, ఐదోసారి పని గుర్తొచ్చింది. ఒక బూడిదరంగు ఈక కవరు మీద స్టూడియో తెరిచిన ఏడాదే ఉంది. ఆ ఏడాది ఆయన మీసాలు ఎంత నల్లగా ఉండేవో, మొదటి గిరాకీ ఫోటోకి వచ్చి ఎలా తుమ్మాడో, ఆ పిట్ట అప్పుడు ఏ గోడ మీద ఉందో. అన్నీ ఒకే కవర్లో ఉన్నట్టనిపించింది. గురువారం పొద్దున ఇంకో కునుకయ్యాక, పొద్దెక్కేసరికి డెబ్బై ఆరు ఫోటోలూ అయిపోయాయి.

అప్పుడు ఆయన అసలు పని మొదలుపెట్టాడు.

"చూడవోయ్, ప్రతి ఈకకీ అడ్డంగా సన్నటి గీత. ఒకటి కాదు, కొన్నిటికి నాలుగైదు. కవర్లలో కుక్కి నలిపేశారు. మ్యూజియం వాళ్ళ జాగ్రత్త ఇదన్నమాట."

గీతలు ఆవిడా చూసింది. పోగులు అక్కడ పల్చబడి, అద్దంలా అవతలి నల్లగుడ్డ కనపడుతోంది.

"ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తే పోదూ?"

"ఉన్నది ఉన్నట్టు ఇచ్చే స్టూడియోకి ఎవరొస్తారోయ్?"

కంప్యూటర్‌లో చెయ్యి వణికినా పరవాలేదు. ఈకని గోడంత పెద్దది చేసుకోవచ్చు, గీత దాటితే వెనక్కి తీసుకోవచ్చు. ఆయన ముక్కు తెరకి ఆనించి, పక్క పోగుల్ని తెచ్చి పల్చబడ్డ చోట అతికించుకుంటూ పోయాడు. నిజంగానే గొప్ప పనితనం. ఎక్కడ అతికాడో ఆవిడకే తెలియలేదు. మధ్యలో ఆయన ఈల వేశాడు. చలికాలం తరవాత ఆ ఇంట్లో ఈల వినపడటం అదే. ఆవిడకి ఇంకో మాట అనబుద్ధి కాలేదు. టీ మాత్రం ముప్పాతిక మగ్గు ఇచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఈకల మేడమ్ వచ్చింది. మొదటి ఫోటో చూసి నోరు తెరిచింది. రెండోది చూసి కుర్చీ ముందుకి లాక్కుంది.

"ఇంత స్పష్టంగా వస్తాయనుకోలేదు సార్! కాడ మీద దుమ్ము కూడా కనపడుతోంది."

"దుమ్ము తుడవలేదు. కావాలంటే తుడుస్తాను."

ఐదో ఫోటో దగ్గర ఆవిడ ఆగింది. వెనక్కి వెళ్ళింది, ముందుకి వచ్చింది, పెట్టె తెరిచి ఈక తీసి తెర పక్కన పట్టుకుంది.

"గీతలేవీ?"

"అవా? తీసేశానమ్మా," అన్నాడాయన. నలిగిన ఓణీని ఇస్త్రీ చేసి ఇచ్చినవాడి మొహంతో.

ఈకల మేడమ్ ఈకని మెల్లగా కవర్లో పెట్టింది. అరవలేదు. బడి పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఈక మొలిచేది కొన్నాళ్ళ పాటు సార్, రోజుకి ఇంత చొప్పున. ఆ రోజుల్లో పిట్టకి ఒక పూట తిండి దొరక్కపోతే, ఏ గద్దకో భయపడితే, ఆ రోజు పెరిగిన చోట పోగులు సరిగ్గా అల్లుకోవు. అదే ఈ గీత. ఆకలి గీత అంటాం. ఏ ఏడు ఎన్ని గీతలో చూస్తే ఆ ఏడు పిట్టలు ఎలా బతికాయో తెలుస్తుంది. పుస్తకమంతా ఆ గీతల గురించే."

కవరుని పెట్టెలో సర్దింది.

"ముందు తీసినవి ఉంటాయిగా? దిద్దకముందువి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన నేర్చుకున్న పనిలో నెగెటివ్ ఒక్కటే. పెన్సిల్ పెట్టేది దాని మీదే. ఇంకో ప్రతి దాచుకోవడమంటే చేతి మీద నమ్మకం లేనివాడు చేసే పని. కంప్యూటర్‌లోనూ దిద్దినదాన్ని దాని మీదే దాచాడు. కెమెరాలో కార్డు ఖాళీ చేసి, తుడిచి, డబ్బాలో పెట్టాడు, శుభ్రమైన మనిషి కనక.

"తప్పు నాదే," అంది ఈకల మేడమ్. "చెప్పాల్సింది. తీసినదాన్ని దిద్దుతారని నాకు తోచలేదు." పెట్టె మూత వేసింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తాను. పెట్టె నా ఒళ్ళోనే ఉంటుంది. ఒక్కొక్కటీ నేనే ఇస్తాను, మీరు నా ముందే తియ్యండి. అది తప్ప దారి లేదు."

"సరే," అన్నాడాయన.

ఆ సరే వినగానే స్టూడియో ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగింది. వెనకే అక్కయ్య వచ్చింది.

"ఏం చేద్దామే మరదలా?"

"దేనికి వదినా?"

"నా దగ్గర నాటకాలెందుకు? నాకు మోకాళ్ళు లేవు గాని కళ్ళున్నాయి."

ఆవిడ పంపు కట్టేసింది. "కెమెరా పాడైందందామా?"

"ఆవిడ ఇంకో కెమెరా తెప్పిస్తుంది."

"రేపు ఈయన్ని ఎక్కడికైనా పంపితే?"

"ఎక్కడికి? వీధి చివర క్షవరానికి కూడా నన్ను తోడు రమ్మంటాడు." అక్కయ్య ఆలోచించింది. "పోనీ నేను కళ్ళు తిరిగి పడిపోతాను. వాడు నా దగ్గర కూర్చుంటాడు, నువ్వు తీసెయ్యి."

"డెబ్బై ఆరు ఫోటోలు వదినా. ఎంతసేపని పడిపోతారు?"

"మధ్యలో లేచి కాఫీ తాగి మళ్ళీ పడిపోతాను."

ఇద్దరికీ నవ్వొచ్చింది. 

శనివారం ఈకల మేడమ్ ఎనిమిదికి పది నిమిషాల ముందే వచ్చింది. స్టూలు మీద కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. ఆయన అప్పటికే గడ్డం గీసుకుని, గదిని తుడిచి, నల్ల గుడ్డ పరిచి ఉన్నాడు. కెమెరా బిగించాడు. మేడమ్ మొదటి ఈక పరిచింది. స్టూడియో ఆవిడ గుమ్మంలో టీ పళ్ళెంతో నిలబడింది. పళ్ళెం జారవిడిస్తే ఎంత చప్పుడవుతుంది, దాన్ని శుభ్రం చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది, ఆ సందట్లో రింగు తాను తిప్పి పెట్టగలదా అని నిజంగానే లెక్క వేస్తోంది. ఇంతకీ పళ్ళెంలో ఉన్నవి పెళ్ళినాటి కప్పులు. పాతవి తేవాల్సింది.

ఆయన చెయ్యి రింగు దాకా వెళ్ళింది. చూపుడువేలు దాని మీద టకటక కొట్టుకుంది. మేడమ్ అది చూసింది. చూసి, పెట్టె మూత సర్దుకుంది.

ఆయన చెయ్యి తీసేశాడు. ఎడమ పక్కనున్న లైటుని ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి, కుడి పక్కన పెట్టాడు.

"రావోయ్. నీ పక్కకి పెట్టాను."

పళ్ళెం జారలేదు గాని కప్పులు గలగలమన్నాయి. "నాకేం తెలుసండీ ఇదంతా..."

"మొన్న తీసినవాటిలో నీడ ఎడమకి పడింది. నలభై ఏళ్ళలో నా నీడ ఒక్కసారీ ఎడమకి పడలేదు." మేడమ్ వైపు తిరిగాడు. "తీసింది ఈవిడమ్మా. చెడగొట్టింది నేను. పుస్తకంలో పేరు వేస్తే తీసినవాళ్ళది వెయ్యండి. చెడగొట్టినవాడి పేరు అక్కర్లేదు."

మేడమ్ ఇద్దర్నీ చూసింది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, ఒక చోట కొట్టేసి, "మీ పేరు ఎలా రాస్తారండీ?" అని ఆవిడని అడిగింది. ఆవిడ చెప్పింది. ఆఖరిసారి ఎవరు అడిగారో గుర్తు రాలేదు.

పళ్ళెం కింద పెట్టి, ఆయన పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "ఎప్పుడు తెలిసింది?"

"మంగళవారం సాయంత్రమే."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఆపేసేదానివి."

"మరి ఆ నిద్ర? ఆ గురక?"

ఆయన లెన్సు మూతని జేబులో పెట్టుకుని పైకప్పు చూశాడు. జవాబు కౌంటరు దగ్గర్నుంచి వచ్చింది.

"మొదటి రోజు మరీ ఒకే వరసన పెట్టాడే! మధ్యమధ్య ఆపరా, మనిషి అన్నాక అటూ ఇటూ దొర్లుతాడు అని నేనే చెప్పాను."

"మీరూనా వదినా! నిన్న కళ్ళు తిరిగి పడిపోతానన్నది మరి?"

"వాడు చెప్పొద్దన్నాడు, నువ్వూ చెప్పొద్దన్నావు. నేను ఎవరికని చెప్పను? పడిపోవడమే నయమనుకున్నాను."

ఆవిడకి కోపం వచ్చింది. అదెంత కోపమో తేల్చుకోవడానికి వ్యవధి లేదు, ఫ్యాను ఆపాలి. మూడు రోజులు తాను మునివేళ్ళ మీద నడిచింది. అందులో రెండు రోజులు ఆయన కళ్ళు తెరుచుకుని, గోడకి మొహం పెట్టి, గురక పెట్టాడు. ఎవరు ఎవరి కోసం అంత కష్టపడ్డారో ఆలోచిస్తూ కిటికీ వేసింది. గురువారం ఆయన ఆ ఫోటోలు తనవి కావని తెలిసే గీత తరవాత గీత అతికాడు. ఆ ఈల వేసింది తెలిసే.

పని సాగింది. మేడమ్ పరుస్తుంది, ఆవిడ తీస్తుంది. ఆయన ఊరికే నిలబడలేక పాత తెల్ల అట్ట ఒకటి వెతికి తెచ్చి, లైటుకి ఎదురుగా ఈక పక్కన పట్టుకున్నాడు, అటువైపు చీకటి పోవడానికి. ఒక ఈకకి మూడు గీతలున్నాయి, చివర నుంచి కాడ మొదలు దాకా. మేడమ్ వేలితో చూపించింది. "ఇక్కడ తిండి లేదు. ఇక్కడ ఉంది. ఇక్కడ మళ్ళీ లేదు." ఆవిడ రింగుని వెంట్రుకవాసి తిప్పి ఆ మూడింటినీ నిలబెట్టింది. నలభై ఏళ్ళలో ఎన్ని మొహాల మీద ఎన్ని గీతలు పోయాయో ఆ గదిలోంచి. వాళ్ళంతా సంతోషంగానే పుచ్చుకుని వెళ్ళారు.

మధ్యాహ్నానికి ఇరవై రెండు ఈకలయ్యాయి. మేడమ్ కెమెరా వెనక తెర మీదికి వంగింది.

"మొన్నటివాటి కంటే ఇవి బాగున్నాయి. నీడ అంచు ఎక్కడా గీసినట్టు లేదు, మెత్తగా ఉంది. ఏం మార్చారు?"

ఏమీ మార్చలేదు అనబోయి స్టూడియో ఆవిడ తలెత్తింది. ఫోటో పడడానికి ఒక క్షణంపైనే పడుతోంది. ఆ క్షణమంతా ఆయన చేతిలో తెల్ల అట్ట సన్నగా వణుకుతోంది. దాని మీంచి పడే వెలుగు ఒక్కచోట నిలవకుండా ఈక మీద అలల్లా తడుముతోంది. ఆయన అట్టని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, దాన్ని ఆపాలని చూస్తున్నాడు. మెడ మీద చెమట పట్టింది.

"అట్ట మంచిది," అంది ఆవిడ.

"పాత సరుకు," అన్నాడాయన.

మేడమ్ ఇరవై మూడో ఈక పరిచి చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టూడియో ఆవిడ రింగు సరిచేసి, మీట మీద వేలు పెట్టింది. ఆ గదిలో ఫోటో తీసే ముందు చెప్పే మాట ఒకటే ఉంది. పెళ్ళికూతుళ్ళకీ ప్లీడర్లకీ పసిపిల్లలకీ నలభై ఏళ్ళుగా చెప్పిన మాట. కదలకండి. అలవాటు కొద్దీ అది ఆవిడ నాలుక చివరికి వచ్చేసింది.

దాన్ని మింగేసి, ఊపిరి బిగబట్టి, "మీరలాగే పట్టుకోండి," అంది.